పిన్ని ఆవకాయ గూగుల్‌కి ఎందుకు దొరకలేదు?

గుంటూరులో మా పిన్ని ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి అమ్ముతుంది. పోయినేడాది చీటీ డబ్బులతో వెబ్‌సైట్ చేయించింది. ఆర్డర్లు మాత్రం పాత వాట్సాప్ గ్రూపు నుంచే. సంక్రాంతికి వెళ్తే "నువ్వు సాఫ్ట్‌వేరే కదరా, ఏమైందో చూడు" అంది. సాఫ్ట్‌వేర్ వాడికి ఇన్వర్టర్ రిపేరు కూడా వచ్చని నమ్మే ఇల్లు మాది. సరే, సైట్ తెరిచాను.

మొదటి లైను: "తరతరాల రుచుల సమ్మేళనం". పేజీ టైటిల్: "హోమ్". 'పచ్చడి' అన్న మాట కోసం కిందికి స్క్రోల్ చేస్తూ పోవాల్సిందే! అన్నిటికంటే అడుగున, తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్ల అక్షరాల్లో "బెస్ట్ పికిల్స్, బెస్ట్ పికిల్స్ గుంటూరు" అంటూ ఓ పేరా. దీనికి 'ఎస్ఈఓ ప్యాకేజీ' అని సైట్ చేసినతను విడిగా డబ్బులు తీసుకున్నాడట.

ఇది పాత చింతకాయ ట్రిక్కు. ఒకే మాట కుక్కడాన్ని 'కీవర్డ్ స్టఫింగ్' అంటారు. ఇదీ, అక్షరాలు దాచడమూ రెండూ గూగుల్ స్పామ్ రూల్స్‌లో ఉన్నాయి. దొరికితే ర్యాంకు పడిపోవచ్చు, సైటే రిజల్ట్స్‌లోంచి పోవచ్చు. కోడ్‌లో మెటా కీవర్డ్స్ ట్యాగ్ కూడా నింపాడు. ర్యాంకింగ్‌కి దాన్ని వాడట్లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది.

మరి కీవర్డ్స్ ఎక్కడ దొరుకుతాయి? పిన్ని ఫోన్‌లోనే దొరికాయి. "వెల్లుల్లి లేకుండా ఆవకాయ ఉందా?", "గోంగూర పచ్చడి అరకిలో ఎంత?", "అమెరికాకి పంపుతారా?" కస్టమర్లు వాట్సాప్‌లో అడిగిన మాటలే గూగుల్‌లోనూ టైప్ చేస్తారు. 'రుచుల సమ్మేళనం' అని ఎవరు వెతుకుతారు చెప్పండి?

ఆ మాటల్ని గూగుల్‌లో సగం టైప్ చేసి ఆగితే, మిగతాది అదే సూచిస్తుంది. అవి నిజంగా జనం వెతికేవే. మీకు సైట్ ఉంటే సెర్చ్ కన్సోల్ ఫ్రీ. ఏ మాటకి మీ పేజీ కనబడిందో, ఎన్ని క్లిక్కులు వచ్చాయో చూపిస్తుంది.

తర్వాత ఒక్కో పచ్చడికి ఒక్కో పేజీ పెట్టాం. టైటిల్: "వెల్లుల్లి లేని ఆవకాయ, గుంటూరు నుంచి హోమ్ డెలివరీ". అదే మాట పెద్ద హెడ్డింగ్‌లో, మొదటి రెండు లైన్లలో, పేజీ అడ్రస్‌లో, ఫొటోకి ఇచ్చే వివరణలో ఒక్కోసారి. అంతే. మన తెలుగుని ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసేవాళ్లు బోలెడుమంది కాబట్టి పచ్చడి పేరు అలా కూడా ఒకసారి రాశాం. మిగతాదంతా అడిగినదానికి జవాబు: బరువు, ధర, ఎన్నాళ్లు నిలవుంటుంది, ఎన్ని రోజుల్లో వస్తుంది. మాటల్ని విడివిడిగా కాకుండా వాక్యంలోని అర్థంతో చదవడం గూగుల్ నేర్చుకుంది. అందుకే మనిషికి చెప్పినట్టే రాయండి.

ఒక్క దగ్గర పిన్నికీ నాకూ గొడవైంది. "'ఆర్గానిక్' అని పెడదాం, చాలామంది వెతుకుతున్నారు" అన్నాను.

"మిరపకాయలు యార్డులో కొన్నవి. ఆర్గానిక్ అని ఎట్లా రాస్తావురా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ మాట చూసి వచ్చినవాడు మోసపోయానని తెలిస్తే మళ్లీ రాడు, పదిమందికి చెబుతాడు కూడా. తీసేశాను.

మూడు నెలలు పెద్దగా ఏం జరగలేదు. గూగుల్ కొత్త పేజీల్ని చదివి నమ్మడానికి టైం పడుతుంది. పోయిన వారం బెంగళూరు నుంచి ఎవరో తెలియనావిడ ఫోన్ చేసింది. "వెల్లుల్లి లేని ఆవకాయ మీ దగ్గరే కదండీ? కిలో పంపండి."

మీరూ ఏదైనా అమ్ముతున్నా, రాస్తున్నా ముందు మీ ఇన్‌బాక్స్‌లో చివరి పది మెసేజ్‌లు చదవండి. టైటిల్ తర్వాత పెట్టొచ్చు.