అమ్మకానికి లేని ఆటగాడు

1969 అక్టోబరులో ఓరోజు కర్ట్ ఫ్లడ్‌కి ఫోనొచ్చింది. చేసినాయన యజమాని కాదు, మేనేజరూ కాదు. క్లబ్బు ఆఫీసులో ఓ ఉద్యోగి. సంగతేంటంటే- ఫ్లడ్‌ని ఫిలడెల్ఫియా ఫిలీస్ జట్టుకి ఇచ్చేశారు. అంతే! సెయింట్ లూయిస్ కార్డినల్స్‌తో పన్నెండేళ్ల అనుబంధం ఆ ఫోనుతో తెగిపోయింది.

ఫ్లడ్ సామాన్యుడేం కాదు. అమెరికా బేస్‌బాల్‌లో పేరున్న సెంటర్ ఫీల్డర్. బంతి గాల్లోకి లేస్తే దాని కింద అతనుండాల్సిందే. మంచి ఫీల్డర్లకిచ్చే గోల్డ్ గ్లవ్ అవార్డుని 1963 నుంచి వరసగా ఏడేళ్లు అందుకున్నాడు. 1964, 1967ల్లో జట్టు వరల్డ్ సిరీస్ గెలవడంలో అతని చెయ్యీ ఉంది. 1968లో మాత్రం ఆఖరి మ్యాచ్‌లో ఓ బంతిని అంచనా వేయడంలో పొరబడ్డాడు. కార్డినల్స్ ఓడిపోయింది. ఆ తర్వాత జీతం దగ్గర క్లబ్బుతో పేచీ. అది 90 వేల డాలర్లకి తేలింది గానీ మనసులు విరిగిపోయాయి.

అప్పట్లో 'రిజర్వ్ క్లాజ్' అని ఓ నిబంధన ఉండేది. కాంట్రాక్టు గడువు తీరినా ఆటగాడు మరో జట్టులోకి వెళ్లకూడదు. క్లబ్బు మాత్రం అతన్ని ఎవరికైనా అమ్మొచ్చు, మార్చుకోవచ్చు. ఇష్టం లేదంటే ఒకటే దారి- ఆట మానుకోవడం. మన ఐపీఎల్ వేలంలోనైనా ఆటగాడు తన పేరు తనే ఇచ్చుకుంటాడు. ఇక్కడ ఆపాటి మాటా లేదు.

ఫిలీస్ లక్ష డాలర్లు ఇస్తామంది. ఫ్లడ్ వెళ్లనన్నాడు. క్రిస్మస్ ముందురోజు బేస్‌బాల్ కమిషనర్ బోవీ కున్‌కి ఉత్తరం రాశాడు. తానేం కొని అమ్ముకునే సరుకు కాదనీ, వేరే జట్లు పిలిస్తే వినే హక్కు తనకుందనీ దాని సారాంశం. కున్ కుదరదన్నాడు. 90 వేలు తీసుకుంటూ ఈ గొడవేమిటని టీవీలో అడిగితే, ఎంత జీతమిచ్చినా బానిస బానిసేనన్నాడు ఫ్లడ్. నల్లజాతి ఆటగాడి నోట ఆ మాట చాలామందికి మింగుడు పడలేదు.

ఆటగాళ్ల సంఘం నేత మార్విన్ మిల్లర్ ముందే హెచ్చరించాడు. గెలిచినా నీకు ఒరిగేదేం ఉండదు, నీ ఆట ముగిసిపోతుందన్నాడు. మరి మిగతా ఆటగాళ్లకి? వాళ్లకి మేలే! అయితే సరేనన్నాడు ఫ్లడ్.

1970లో కేసు విచారణకొచ్చింది. అతని తరఫున సాక్ష్యం చెప్పడానికి జాకీ రాబిన్సన్ వచ్చాడు. కానీ అప్పటికి ఆడుతున్నవాళ్లలో ఒక్కరంటే ఒక్కరు కోర్టు మెట్లెక్కలేదు. ఎవరి కోసం పోరాడుతున్నాడో వాళ్లే! భయం అలాంటిది. వాళ్ల చేతుల్లోనూ అవే కాంట్రాక్టులు మరి.

ఏడాదంతా ఆటకి దూరమైన ఫ్లడ్ 1971లో వాషింగ్టన్ సెనేటర్స్‌లో చేరాడు. ఒంట్లో మునుపటి ఆట లేదు. 13 మ్యాచ్‌లాడి, దేశమే వదిలి స్పెయిన్ వెళ్లిపోయాడు. 1972 జూన్‌లో సుప్రీంకోర్టు 5-3 తేడాతో అతనికి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. వింతేమిటంటే, మిగతా ఆటలకి లేని మినహాయింపు బేస్‌బాల్‌కే ఉండటం అసంబద్ధమని కోర్టే ఒప్పుకుంది. సరిచేయాల్సింది మాత్రం పార్లమెంటేనని తప్పుకుంది.

మరో మూడేళ్లకి, 1975 డిసెంబరులో, మెసర్‌స్మిత్, మెక్‌నాలీ అనే ఇద్దరు ఆటగాళ్ల వివాదంలో మధ్యవర్తి తీర్పుతో ఆ నిబంధన పట్టు సడలింది. ఆటగాళ్ల జీతాలు ఆకాశాన్నంటాయి. ఫ్లడ్ మాత్రం అప్పులతో, తాగుడుతో ఏళ్ల తరబడి అవస్థ పడ్డాడు. తర్వాత కోలుకున్నాడు. 1997 జనవరిలో, 59 ఏళ్ల వయసులో గొంతు క్యాన్సర్‌తో కన్నుమూశాడు. ఆ మరుసటి ఏడాది బేస్‌బాల్ ఆటగాళ్లకి రక్షణనిస్తూ వచ్చిన చట్టానికి అతని పేరే పెట్టారు.

ఇంతకీ ఆ 1969 బేరంలో అటునుంచి కార్డినల్స్‌కి వచ్చిన స్టార్ ఎవరో తెలుసా? డిక్ అలెన్. ఫిలడెల్ఫియా నుంచి బయటపడితే చాలనుకున్నవాడు. అతన్ని 2024 డిసెంబరులో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎంపిక చేశారు. అంతకు ఐదేళ్ల ముందే మిల్లర్‌నీ ఎంపిక చేశారు. ఫ్లడ్ పేరు ఆ గోడ మీదకి ఇంకా ఎక్కలేదు.