వెనక్కి తిప్పడమూ విద్యే

నెల్లూరు జిల్లా విడవలూరు తీరంలో చలికాలమంటే మంచు కాదు... ముసురు. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కుమ్మరించి పోతాయి. వాయుగుండం వస్తోందన్న హెచ్చరిక వినపడగానే రామతీర్థం ఒడ్డున పడవలు ఇసుక మీదికి చేరతాయి. ఆ రోజు సంపాదన పోయినట్టే. అయినా వేటకు వెళ్లనివాణ్ని అక్కడ ఎవరూ పిరికివాడనరు. కోటీశ్వరులు ఎక్కే చిన్న జెట్ విమానాల్లో మాత్రం ఈ సూత్రం ఒక్కోసారి మరుగున పడుతుంది.

2001 మార్చి 29. అమెరికాలోని కొలరాడో కొండల్లో ఉన్న ఆస్పెన్‌కు లాస్‌ ఏంజెలిస్ నుంచి ఓ గల్ఫ్‌స్ట్రీమ్ జెట్ బయల్దేరింది. అద్దె విమానం. ప్రయాణికులు ఆలస్యంగా వచ్చారు. చీకటి పడితే ఆ విమానం అక్కడ దిగడానికి వీల్లేదు. పైగా మంచు పడుతోంది. ముందు వెళ్లిన విమానాలు కొన్ని రన్‌వే కనపడక దిగే ప్రయత్నం మానుకున్నాయి. ఈ జెట్ మాత్రం రన్‌వే కనపడకుండానే ఇంకా ఇంకా కిందికి వచ్చి, చేరాల్సిన చోటికి కాస్త ఇవతలే కొండవాలును గుద్దుకుంది. లోపలున్న 18 మందీ చనిపోయారు. తప్పు పైలట్లదేనని దర్యాప్తు తేల్చింది. అయితే విమానాన్ని అద్దెకు తీసుకున్నవారి నుంచి కెప్టెన్ మీద పడ్డ ఒత్తిడి కూడా అందుకు తోడైందని చెప్పింది.

మన దగ్గర మంచు లేదు కదా అనుకోవడానికి లేదు. మంచు చేసే పని ఇక్కడ వాన చేస్తుంది. 2023 సెప్టెంబరు 14న విశాఖపట్నం నుంచి వెళ్లిన లియర్‌జెట్-45 ముంబయిలో భారీ వర్షంలో దిగుతూ రన్‌వే పక్కకు తప్పి మంటల్లో చిక్కుకుంది. అదృష్టం బాగుండి అందులోని 8 మందీ బతికి బయటపడ్డారు.

వానకు చూపు ఆనదు, అది ఒక ప్రమాదం. నేల పట్టు దొరకదు, అది రెండోది. రన్‌వే మీద నీళ్లు నిలిచి ఉంటే వేగంగా వచ్చే టైరు వాటిని పక్కకు తోయలేక నీటి పొర మీదే తేలిపోతుంది. అప్పుడు బ్రేకు తొక్కినా ఫలితం ఉండదు. టైరులో చదరపు అంగుళానికి 200 పౌండ్ల గాలి ఉండే జెట్‌కు, దిగేటప్పుడు ఈ ముప్పు గంటకు 200 కిలోమీటర్ల దగ్గరే మొదలవుతుంది. చిన్న జెట్‌లు నేలను తాకే వేగం దాదాపు అంతే!

అందుకే 2021 నవంబరు 4 నుంచి ప్రపంచమంతటా రన్‌వేలకు మార్కులు వేసే ఒకే పద్ధతి వచ్చింది. పొడిగా ఉంటే 6. మామూలు తడికి 5. నీరు 3 మిల్లీమీటర్లు మించి నిలిస్తే ఒక్కసారిగా 2. తడిసిన మంచుగడ్డ ఉంటే సున్నా. పైలట్ ఆ మార్కు విని, తన విమానం ఆగడానికి ఎంత దూరం కావాలో లెక్క చూసుకుంటాడు. చాలదనుకుంటే మళ్లీ పైకి లేపి చుట్టూ తిరిగి రావచ్చు, లేదా వేరే ఊళ్లో దిగొచ్చు. అది ఓటమి కాదు, శిక్షణలో నేర్పే విద్య.

పెద్ద విమానంలో ప్రయాణికుడి మాట పైలట్ దాకా పోదు. చిన్న జెట్‌లో యజమాని పైలట్‌కు నాలుగు అడుగుల వెనకే కూర్చుంటాడు. అద్దె కారులోనూ అంతే. కారు టైరులో 32 పౌండ్ల గాలి ఉంటే, నీళ్లు నిలిచిన రోడ్డు మీద గంటకు 94 కిలోమీటర్ల దగ్గర అదీ తేలిపోగలదు. జాతీయ రహదారి మీద జోరువానలో డ్రైవరు వేగం తగ్గించినప్పుడు వెనక సీట్లోంచి 'కాస్త తొందరగా పోనీ బాబూ' అనేవాళ్లు ఎందరో! ముహూర్తం దాటినా, రైలు తప్పినా మరో దారి దొరుకుతుంది. ఆగుదామన్నవాడి మాటకు అడ్డుపడకపోవడమే ప్రయాణికుడు చేయగల పెద్ద సాయం.