ఊరి చివరి దాకా వెళ్లని తెలుగు

1841లో ఇద్దరు ఇంగ్లీషు మిషనరీలు బందరు చేరారు. పెద్దవాడు రాబర్ట్ నోబుల్, కేంబ్రిడ్జిలో చదివాడు. చిన్నవాడు హెన్రీ వాట్సన్ ఫాక్స్, ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు. మద్రాసులో ఓడ దిగేనాటికి ఫాక్స్‌కు ఇరవై నాలుగేళ్లు నిండలేదు, అప్పటికే పెళ్లయింది. సూయజ్ కాలువ ఇంకా లేని రోజులు. ఆఫ్రికా కొసను చుట్టుకుంటూ నెలల తరబడి సముద్రం మీద గడిపి వచ్చారు. వచ్చాక మొదట పట్టుకున్న పని తెలుగు నేర్చుకోవడం.

అప్పటికి సాధనాలు తక్కువ. క్యాంబెల్ వ్యాకరణం 1816 నుంచి ఉంది, బ్రౌన్ వ్యాకరణం 1840లో వచ్చింది. బ్రౌన్ నిఘంటువు అచ్చయి రావడానికి ఇంకా పదేళ్లకు పైగా ఉంది. మున్షీ ఎదుట కూర్చుని అక్షరాలు దిద్దుకోవాలి. దిద్దుకున్నదాన్ని బజారులోనో సంతలోనో నోరు తెరిచి పరీక్షించుకోవాలి. నోబుల్ బడి పని తీసుకున్నాడు. ఫాక్స్ ఊళ్లు తిరుగుతూ తెలుగులో బోధించే పని తీసుకున్నాడు. మన ఎండ అతని ఒంటికి పడలేదు, కొంతకాలం నీలగిరుల్లో ఉండి కోలుకోవలసి వచ్చింది. 1845లో స్వదేశానికి బయలుదేరితే భార్య మద్రాసు రేవులోనే, ఓడ మీద చనిపోయింది. ఆ తర్వాత కూడా అతను బందరు తిరిగి వచ్చాడు. 1848లో ఇంగ్లండులో చనిపోయాడు, ముప్పై ఒక్క ఏళ్లకే. నోబుల్ ఇరవై నాలుగేళ్ల పాటు ఒక్కసారి కూడా ఇంటి ముఖం చూడకుండా 1865లో బందరులోనే కన్నుమూశాడు.

వాళ్లను పొగడడానికి ఇది రాయడం లేదు. వాళ్లు కంపెనీ పాలన నీడలో వచ్చారు. మన దేవుళ్లను, మన పూజలను చీకటిగా చూశారు. మన మతం మీద గెలవాలన్న కోరికతోనే మన భాష నేర్చారు. ఆ కోరికను కాదనే హక్కు మనకుంది. అయితే వాళ్లు పడిన ఆ శ్రమను పక్కన పెట్టుకుని మన చరిత్ర చదువుకుంటే, జవాబు చెప్పలేని ప్రశ్న ఒకటి ఎదురవుతుంది. ఎక్కడి నుంచో వచ్చినవాడు జ్వరాలతో, చావులతో, ఏళ్ల తరబడి కష్టపడి మన మాట నేర్చుకుని ఊరూరా తిరిగాడు. పుట్టుకతోనే ఆ మాట వచ్చిన మనం మన ఊరి చివరి దళితవాడ దాకా ఎందుకు వెళ్లలేదు?

మనం అంటే ఎవరో ముందే చెప్పాలి. ఊళ్లో ఇల్లు, కాలువ కింద పొలం, తరాలుగా చదువు ఉన్న కులాల్లో పుట్టినవాళ్లం. నేనూ వాళ్లలో ఒకణ్ణి. తెలుగు మన సొత్తని సభల్లో చెప్పుకునేది మనమే. ఈ నేరం మనది.

1843లో నోబుల్ బందరులో బడి తెరిచాడు. అందులోకి పై కులాల పిల్లలు వచ్చారు. మాల పిల్లలకు ఆ బడిలో చోటు లేదు. వాళ్లు ఒక్కరు గడప దాటినా మన పిల్లలు ఆ బడి మెట్లెక్కరని నోబుల్‌కు తెలుసు. మనుషులంతా ఒకే తండ్రి బిడ్డలని చెప్పడానికి సముద్రాలు దాటి వచ్చినవాడు మన షరతుకు తలవంచాడు. అది అతని ఓటమి అని అతని మతంవాళ్లు అనుకుంటే అనుకోవచ్చు. షరతు పెట్టింది మాత్రం మనం. 1852లో ఆ బడి విద్యార్థులు మంచాల రత్నం, ఐనాల భూషణం క్రైస్తవం తీసుకున్నప్పుడు ఊరు భగ్గుమంది, బడి ఖాళీ అయింది. ఇద్దరు పిల్లలు మతం మారినందుకు అంత కదిలిపోయిన ఊరు, వందల మంది పిల్లలు ఏ బడికీ వెళ్లకుండా ఉన్నందుకు ఒక్క పూట కూడా కదలలేదు.

1859లో రాఘవాపురం మాలపల్లెకు చెందిన పాగోలు వెంకయ్య బెజవాడలో డార్లింగ్ అనే మిషనరీని కలిశాడు. నిజమైన దేవుడెవరన్న వెతుకులాట ఆయనది. ఆ కలయికతో ఆయన జీవితం మారింది, ఆయన వెంట పల్లె మారింది, కృష్ణా జిల్లా మాలపల్లెల్లో క్రైస్తవానికి అది నాంది అయింది. మనం ఈ సంఘటనను మత మార్పిడుల చరిత్రలో ఒక తేదీగా చదివి వదిలేస్తాం. ఇంకోలా చదవాలి. దేవుడి గురించి ఒక ప్రశ్న మనసులో మోస్తూ తిరిగిన మనిషి ఆయన. ఆ జిల్లాలో వేదం చదివినవాళ్లున్నారు, పురాణం చెప్పేవాళ్లున్నారు, కృష్ణ ఒడ్డున పుష్కరాలు జరిపించేవాళ్లున్నారు. వెంకయ్య ఆ ప్రశ్న వాళ్లలో ఒక్కరి దగ్గర కూర్చుని అడగగలిగేవాడా? దగ్గరికి రానిస్తేగా! ఆయన ప్రశ్నకు మన దగ్గర జవాబు ఉందో లేదో తెలిసే అవకాశం కూడా మనం మిగల్చలేదు. తర్వాతి రోజుల్లో పల్లెలకు పల్లెలు శిలువ వైపు నడిచినప్పుడు, పాలపొడికి అమ్ముడుపోయారని వెక్కిరించాం. ఆ వెక్కిరింత ఇప్పటికీ మన నోళ్లలో ఉంది. ఎదుటి మనిషిని పేరు పెట్టి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, ఏమంటావని అడిగినవాళ్ల వెంట మనుషులు వెళ్తారు. మనం అడగలేదు కాబట్టే వెళ్లారు.

వాడలవాళ్లు తమ మాట మనకు అర్థమయ్యేలా చెప్పలేదని కూడా అనలేం. 1917లో దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన బెజవాడలో సభ జరిగింది. పంచములన్న పేరు వద్దని, ఈ నేలకు తాము మూలవాసులమని, ఆది ఆంధ్రులమని ఆ సభలో ప్రకటించుకున్నారు. చక్కని తెలుగులో, బెజవాడ నడిబొడ్డున చెప్పారు. ఆ సభ జరిగిన రోజుల్లో కనకదుర్గ గుడి తలుపులు మూసేశారు. బెజవాడ చరిత్ర చెప్పుకునేటప్పుడు ఆనకట్ట చెబుతాం, 1921లో గాంధీ గారు వచ్చిన కాంగ్రెసు సభ చెబుతాం, కమ్యూనిస్టు ఉద్యమం చెబుతాం. మూసిన ఆ తలుపుల గురించి మన పిల్లల్లో ఎంతమందికి చెప్పాం?

ఆనకట్ట మాట వచ్చింది కాబట్టి దాని లెక్క కూడా చూడాలి. నందన కరువు ఈ ప్రాంతాన్ని ఊడ్చేసి వెళ్లిన ఇరవై ఏళ్లకు, 1852లో బెజవాడ దగ్గర ఆనకట్ట మొదలై 1855కల్లా పూర్తయింది. ఆ నీళ్లు మన పొలాల్లోకి వచ్చాయి. వడ్లు అమ్మిన డబ్బుతో పిల్లల్ని బందరు, గుంటూరు, మద్రాసు కాలేజీలకు పంపాం. ఇంగ్లీషు నేర్చుకున్నాం, కచేరీల్లో కుర్చీలు ఎక్కాం, పత్రికలు పెట్టాం, సినిమాలు తీశాం. పైకి ఎక్కడానికి ఏ భాష కావాలన్నా మనకు నోరు తిరిగింది. అదే కాలువల కింద వాడలవాళ్లు మన పొలాల్లో పాలేర్లుగా, కూలీలుగా మిగిలారు. వాళ్లతో మనకున్న సంభాషణంతా పని చెప్పడం, కేకలెయ్యడం, కూలి దగ్గర బేరమాడడం. ఒక తెలుగువాడు ఇంకో తెలుగువాడితో నూరేళ్లు మాట్లాడి, అతని మనసులో ఏముందో తెలుసుకోకుండా ఉండగలడని మనం రుజువు చేశాం.

దాని ఫలితం 1991 ఆగస్టు 6న చుండూరులో చూశాం. కృష్ణా పశ్చిమ డెల్టాలో, తెనాలి పక్క ఊరది. సినిమా హాల్లో దళిత యువకుడి కాలు వేరే కులం మనిషికి తగలడం దగ్గర గొడవ మొదలైంది. అక్కడ ఎవరో ఒకరు నోరు తెరిచి ఒక మంచి మాట అని ఉంటే ఆగిపోయేది. ఎవరూ అనలేదు. వాడను వెలివేశారు, పనులు ఇవ్వడం ఆపేశారు. తర్వాత ఎనిమిది మందిని పొలాల వెంట తరిమి చంపారు. శవాలను గోతాల్లో కుక్కి కాలువలో పడేశారు. మనకు అన్నం పెట్టిన కాలువల వ్యవస్థే ఆ శవాలను మోసింది. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులని విడిచిపెట్టింది. ఎనిమిది మందిని ఎవరూ చంపలేదన్నట్టుగా కేసు మిగిలింది. చుండూరుకు ఆరేళ్ల ముందు, 1985లో, కారంచేడులో దళితుల హత్యాకాండ జరిగింది. కారంచేడు నుంచి మనం ఏదైనా నేర్చుకుని ఉంటే చుండూరు జరిగేదా? కత్తి పట్టినవాళ్లు కొందరే కావచ్చు. ఆ రోజు, ఆ తర్వాత కూడా మాట్లాడకుండా ఊరుకున్న లక్షల మందిలో మనమున్నాం. ఈ మౌనాన్ని తటస్థత అనుకున్నాం. హంతకులకు అది రక్షణ అయింది.

ఇప్పుడు విజయవాడలో బెంజి సర్కిల్ నుంచి ఏలూరు రోడ్డు దాకా ఎటు చూసినా విదేశీ చదువుల బోర్డులే. ఐఈఎల్‌టీఎస్, జీఆర్‌ఈ, నర్సులకు జర్మన్ తరగతులు. పాతికేళ్లు నిండని మన పిల్లలు హాస్టలు గదుల్లో నిద్ర మానుకుని పరాయి భాష ఉచ్చారణ దిద్దుకుంటున్నారు. అప్పు చేసి, పొలం తాకట్టు పెట్టి పంపుతున్నాం. డెల్టాలో ఏ ఊరికి వెళ్లినా అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో బిడ్డ ఉన్న ఇల్లు కనిపిస్తుంది. ఆ పిల్లల కష్టం గొప్పదే, తప్పుపట్టను. దాన్నిబట్టి మన గురించి తెలిసేదొకటుంది. భాష నేర్చుకునే శక్తి మనకు లేక కాదు. అవసరం ఉందనుకుంటే ఆర్నెల్లలో ఎంత దూరపు మనిషితోనైనా మాట్లాడగలం. ఊరి చివరి మనిషితో మాట్లాడే అవసరం ఉందని ఎన్నడూ అనుకోలేదు, అంతే. విదేశాలకు వెళ్లి, తెల్లవాళ్లు మనల్ని రంగు చూసి తక్కువ చేశారని బాధపడి రాసే మన పిల్లలు, తమ అమ్మమ్మ ఊళ్లో వాడలవాళ్లకు పెట్టిన వేరే గ్లాసుల సంగతి రాయరు. మనం వాళ్లకు చెప్పలేదు.

మన తీరు కొత్తవాళ్ల దగ్గర కూడా మారలేదు. ఇటుక బట్టీల్లో ఒడియా మాట్లాడే కుటుంబాలు ఉంటున్నాయి. నాట్లకు బెంగాలీ కూలీలు వస్తున్నారు. వాళ్లు నాలుగు నెలల్లో మన తెలుగు పట్టుకుంటారు. మనలో ఒక్కరైనా వాళ్ల భాషలో ‘తిన్నారా?’ అని అడగడం నేర్చుకున్నారా? బట్టీ పక్కన తిరిగే పిల్లలు బడి మానేసి వచ్చారని తెలిసీ కారు అద్దం దించకుండా వెళ్లిపోతున్నాం. రొయ్యల చెరువు గట్టు మీద కాపలా కాసే యానాది కుటుంబానిది మన తెలుగే. ఆ ఇంటాయన పేరు చెరువు యజమానికి తెలిస్తే అదే గొప్ప.

మన చేతగానితనానికి కాలమే కారణమనీ, ఆనాటి పద్ధతులే అలాంటివనీ చెప్పుకుంటాం. ఆ సాకును గిడుగు రామమూర్తి గారి జీవితం చెల్లనివ్వదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడాయన. కొండల మీది సవర గిరిజనులతో మాట్లాడాలని సవర భాష నేర్చుకున్నాడు. సవర పిల్లలకు బడులు పెట్టించాడు. సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు రాశాడు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ మందుతో వినికిడి పోగొట్టుకున్నాడు. ఏ మిషను ఆయన్ను పంపలేదు, ఏ మతంలోకీ ఎవరినీ పిలవలేదు. తెలుగువాడు తన కన్నా కింద అని లోకం అనుకున్న మనిషి భాషను గౌరవంతో నేర్చుకోగలడని మన ఇంటివాడే చూపించాడు. మనం ఏం చేశాం? ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం చేసుకున్నాం. దండ వేశాం, పద్యాలు పాడాం, మన భాష గొప్పదని మనకు మనమే చెప్పుకున్నాం. సవరలను ఆ సభకు పిలవలేదు. గిడుగు గారిలో మనకు సౌకర్యంగా ఉన్న సగం ఉంచుకుని, మనల్ని నిలదీసే సగాన్ని పారేశాం.

పశ్చాత్తాపం అనే మాటతో దీన్ని ముగించి లేచిపోతే ఇదీ ఇంకో ఉపన్యాసమే అవుతుంది. చేయవలసినవి ఉన్నాయి, అవి మన చేతిలోనే ఉన్నాయి. 1917 బెజవాడ సభను, మూసిన గుడి తలుపులను, చుండూరును మన పిల్లల పాఠాల్లోకి తీసుకురావాలని మనమే అడగాలి. బాధితులు అడిగేదాకా ఆగకూడదు. గ్రామసభ వాడలో పెట్టాలి, అక్కడ మనం కింద కూర్చుని వినాలి. వాడ శ్మశానానికి దారి లేదంటే ఆ దారికి అడ్డున్న పొలం మన బంధువులదే అయి ఉంటుంది. వాళ్లతో తగువు పెట్టుకోవలసింది మనమే. బట్టీ పిల్లలకు వాళ్ల భాష తెలిసిన టీచరు కావాలని అధికారుల చుట్టూ తిరగాలి. వచ్చే ఆగస్టు 29న వేదిక మీద వాడల రచయితలు, సవర పెద్దలు కూర్చోవాలి. మనం ఎదుట వరుసల్లో ఉండాలి.

ఇవన్నీ చేసినా వెంకయ్య ప్రశ్నను మనం వినలేదన్న నిజం చెరగదు. ఎనిమిది ఇళ్లకు మనుషులు తిరిగి రారు. మనం మారామో లేదో చెప్పే హక్కు వాడలవాళ్లది. వాళ్లు ఆ మాట అనేదాకా మన నోట అది రాకూడదు.