కిత్తనారయు రాడారు విద్యయు

కుందుర్పి మెట్టసీమను గూర్చి ప్రసంగము వచ్చినప్పుడెల్ల కరవు తప్ప వేఱుమాట వినరాదు. అనంతపురము జిల్లా సగటు వర్షపాతము ఏటికి సుమారు 550 మిల్లీమీటర్లు; అదియైనను అదనునకు కురియునను నమ్మకము లేదు. వేరుశనగ పంట తప్పిన యేట రైతు బెంగుళూరు దారి పట్టును. ఇట్టి నేలలో చేలగట్లపై ఎవరి పోషణయు కోరక పెరుగునది కిత్తనార. దానిని మనము కంచెగాను, పగ్గములకు నారగాను మాత్రమే యెఱుగుదుము. కాని మొక్కల నారలు నేడు రాడారు విద్యకు వలయు సరకులలో చేరుచున్నవి.

రాడారును, చేతి టెలిఫోనును నడపునవి సూక్ష్మతరంగములు. ఇవి అక్కఱలేని చోట తగిలి మఱలివచ్చినచో యంత్రములు తొట్రుపడును. మన విమానము శత్రువు రాడారునకు పట్టుబడును. కావున తరంగమును త్రిప్పికొట్టక మ్రింగివేయు పలక కావలయును. ఇనుప ఆక్సైడును నికెలు, జింకు మొదలగు లోహముల ఆక్సైడులతో కాల్చి చేసిన ఫెర్రైటు, తరంగశక్తిని వేడిమిగా మార్చును. కాని యది పెళుసు. ఘన సెంటీమీటరునకు సుమారు 5 గ్రాములు తూగును. మొక్కనార సుమారు 1.5 గ్రాములే. ఫెర్రైటు పొడిని రెసినులో కలిపి, నారను కూర్చినచో పలక తేలికయగును, దృఢమును అగును. తనపై బడిన శక్తిలో నూటికి 90 పాళ్లు మఱలనీయని పలకను శాస్త్రజ్ఞులు పనికివచ్చునదిగా నెంతురు.

ఇది పరదేశీయుల విద్యయని బెదరనక్కఱలేదు. 1895లో కలకత్తా సభలో ఈ తరంగముల మహిమను చూపినవాడు జగదీశచంద్ర బోసు. 1898లో నాయన మెలివేసిన జనపనార కట్టలగుండ తరంగమును పంపి, దాని కంపనతలము మఱలుటను నిరూపించెను. నారకును సూక్ష్మతరంగమునకును తొలుత పొత్తు కుదిర్చినవాడు మనవాడే.

నేడును సాధనములు మన యింటనే యున్నవి. 1981లో నేర్పడిన అనంతపురపు శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమున పాలిమరు శాస్త్రజ్ఞులు మొక్కనారలను రెసినులతో కూర్చి వాని బలమును పరీక్షించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఫెర్రైటులపై పరిశోధనలు జరిగినవి. రాడారులను పసిగట్టు యంత్రములను నిర్మించు రక్షణ ఎలక్ట్రానిక్సు పరిశోధనాలయము 1962 నుండియు హైదరాబాదున నున్నది. ఈ పాయలను ఒక్క త్రాడుగా పేనవలయును.

లేని యాశ చూపుట మా యభిమతము కాదు. పరిశోధనాలయములకు వలయు నార స్వల్పము; దానితో కరవు తీరదు. పైగా నార తేమను పీల్చును. తేమ మాఱినచో పలక గుణమును మాఱును. కావున నారను క్షారజలమున కడిగి, ఆరబెట్టి, పోగునకు పోగునకు భేదము లేకుండ ఏర్చవలయును. విలువయంతయు ఈ పనిలోనే యున్నది. ఈ పని నగరములకు పోయినచో కుందుర్పికి దక్కునది పచ్చియాకు ధర మాత్రమే. ఆకు బరువులో నార నూటికి నాలుగైదు పాళ్లే గదా! తక్కిన పిప్పిని లారీలపై నగరమునకు మోయుట యేమి వివేకము?

పూర్వము ప్రత్తిని పంపి బట్టను కొన్న జాతి మనది. నారను పంపి పలకను కొనుట ఆ గుణపాఠమును మఱచుటయే. కావున కుందుర్పిలో నొక చిన్న నార కర్మాగారము నెలకొల్పవలయును. నీటి కొఱతగల సీమ గనుక ఊరవేయు పద్ధతి విడిచి, ఆకును గీకి నార తీయు యంత్రము నుంచవలయును. కడుగుటకు వాడిన క్షారజలమును శుద్ధిచేసి మఱల వాడవలయును. విశ్వవిద్యాలయము ప్రమాణములు నిర్ణయింపవలయును. పరిశోధనాలయములు తమకు వలయు గుణములను తెలిపి, అట్టి నారను తగిన ధరకు కొనవలయును. కరవు సీమకు గంజి కేంద్రములు పెట్టుట దయ. పని నేర్పుట న్యాయము. మేము కోరునది న్యాయము.