సినిమా చూపించండి, పుస్తకమూ చదివించండి



బతుకమ్మ, దసరా సెలవులు దగ్గర పడుతున్నాయి. సెలవుల్లో చదవమని మేమిచ్చే పుస్తకాల జాబితా చూసి, పేరెంట్స్ మీటింగ్‌లో చాలామంది అడిగే మాట ఒకటుంది. "మేడమ్, ఈ నవల సినిమాగా వచ్చింది కదా. రెండున్నర గంటల్లో కథంతా తెలిసిపోతుంది. ఇక పుస్తకం ఎందుకు?" ఇంకొందరు దీనికి పూర్తిగా ఎదురు మాట అంటారు. "ఇప్పటికే ఫోన్ వదలడం లేదు. మీరే సినిమా చూడమంటే ఇక అయిపోయినట్టే!"

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. అయినా నా అభిప్రాయం వేరు. నవల ఆధారంగా తీసిన మంచి సినిమాను పిల్లలు చూడాలి. అయితే పుస్తకానికి బదులుగా కాదు, పుస్తకంతో పాటు. ఇంకో మాట కూడా చెప్పాలి. అలా చదివే పుస్తకాల్లో ఒక్కటైనా తెలుగు నవల ఉండాలి. ఇంగ్లీష్ చెప్పే టీచర్ ఈ మాట అనడం మీకు వింతగా తోచవచ్చు. ఎందుకంటున్నానో వినండి.

తెలుగు సినిమా నవలకు ఎంతో రుణపడి ఉంది. శరత్ బెంగాలీలో రాసిన 'దేవదాస్' 1917లో అచ్చయితే, 1953లో అక్కినేని, సావిత్రిలతో మన 'దేవదాసు' వచ్చింది. శరత్ రాసిన మరో కథ 'నిష్కృతి' 1957లో 'తోడికోడళ్ళు' అయింది. కోడూరి కౌసల్యాదేవి నవల 'చక్రభ్రమణం' 1964లో 'డాక్టర్ చక్రవర్తి'గా తెరకెక్కింది. విశ్వనాథ సత్యనారాయణ 'ఏకవీర'ను 1969లో సినిమాగా తీసినప్పుడు మాటలు రాసింది సి. నారాయణరెడ్డి. తర్వాతి కాలంలో ఆ ఇద్దరికీ జ్ఞానపీఠ్ వచ్చింది. ఇక యద్దనపూడి సులోచనారాణి 'మీనా', 'సెక్రటరీ', యండమూరి వీరేంద్రనాథ్ 'అభిలాష' సంగతి మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, నాకంటే బాగా చెప్తారు.

ఆ పెద్దవాళ్లలో చాలామంది ముందు నవల చదివారు. తర్వాత థియేటర్‌కు వెళ్లారు. బయటికొచ్చాక వాదించుకున్నారు. హీరోయిన్ నేననుకున్నట్టు లేదని ఒకరు, మంచి సన్నివేశం ఎగరగొట్టారని ఇంకొకరు, ముగింపు ఎందుకు మార్చారని మరొకరు. నా దృష్టిలో ఆ వాదనే అసలైన చదువు. ఒకే కథ రెండు రూపాల్లో తెలిసినవాళ్లే అలా వాదించగలరు. మన పిల్లలకు ఒక్క రూపమే తెలుస్తోంది. అందుకే "సినిమా ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది", "బోర్" అనే రెండు మాటల దగ్గరే ఆగిపోతున్నారు.

పుస్తకం చదివేటప్పుడు పిల్లలు చేసే పని ఏమిటో చూడండి. ఒక మనిషి గడప దగ్గర ఆగిపోయాడని రచయిత రాస్తే, ఆ గడప ఎలా ఉందో, అతనెందుకు ఆగాడో, అతని ముఖంలో ఏముందో చదివేవాళ్లే ఊహించుకోవాలి. సినిమాలో ఆ పని దర్శకుడు, నటుడు, కెమెరామన్ కలిసి చేసిపెడతారు. అది వాళ్ల గొప్పతనమే. కానీ పరీక్షలో ముందెన్నడూ చూడని పాసేజ్ ఇచ్చి "ఈ వ్యక్తి మనసులో ఏముంది?" అని అడిగినప్పుడు పక్కన కెమెరామన్ ఉండడు. వాక్యాలు మాత్రమే ఉంటాయి. గ్రామర్‌లో పూర్తి మార్కులు తెచ్చుకునే పిల్లలు కూడా ఇక్కడ తడబడటం ప్రతి యూనిట్ టెస్ట్‌లోనూ చూస్తున్నాను.

పేరు చూసి సినిమాను నమ్ముకుంటే ఇంకో చిక్కు ఉంది. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' తెలుగులో ఎంతో పేరున్న నవల. 1960లో సావిత్రి నటించిన సినిమా పేరు కూడా 'చివరకు మిగిలేది'. రెండింటికీ పేరు తప్ప సంబంధం లేదు. నవల దయానిధి అనే యువకుడి అంతరంగం. సినిమా మానసిక రోగుల ఆస్పత్రిలో పనిచేసే నర్సు కథ, ఒక బెంగాలీ సినిమా ఆధారంగా తీసింది. సినిమా చూసి నవల మీద బుక్ రివ్యూ రాసిన విద్యార్థికి ఎన్ని మార్కులొస్తాయో మీరే చెప్పండి!

అలాగని సినిమా నవలను చెడగొడుతుందని నేననను. మార్చడం వేరు, చెడగొట్టడం వేరు. ఆర్.కె. నారాయణ్ 'ద గైడ్' నవలను 1965లో 'గైడ్'గా తీశారు. నారాయణ్‌కు ఆ సినిమా నచ్చలేదు, ఆ అసంతృప్తితో ఒక వ్యాసమే రాశారు. నవల చివర వాన కోసం ఉపవాసం ఉన్న రాజు నీళ్లలో నిలబడి, కొండల్లో వాన పడుతున్నట్టు తనకు తెలుస్తోందని చెప్పి ఒరిగిపోతాడు. వాన నిజంగా పడిందా? అతను బతికాడా? నారాయణ్ చెప్పరు. సినిమాలో మాత్రం వాన కురుస్తుంది, రాజు చనిపోతాడు. థియేటర్‌లో కూర్చున్న ప్రేక్షకులకు ఏదో ఒక జవాబు ఇవ్వాలని దర్శకుడు అనుకుని ఉండొచ్చు. జవాబు ఇవ్వకూడదని నారాయణ్ అనుకుని ఉండొచ్చు. ఈ ఒక్క తేడా మీద పెద్ద క్లాసుల్లో పీరియడ్ మొత్తం మాట్లాడుకోవచ్చు.

మన నేల కథ ఒకటి చూద్దాం. తెలంగాణ సాయుధ పోరాటం మీద తీసిన 'మా భూమి' 1980లో విడుదలైంది. నిర్మాత మన బి. నర్సింగరావు, దర్శకుడు బెంగాల్ నుంచి వచ్చిన గౌతమ్ ఘోష్, ఆధారం కిషన్ చందర్ ఉర్దూలో రాసిన నవల 'జబ్ ఖేత్ జాగే'. నవలలో రాఘవరావు అనే యువకుడు తెల్లవారితే ఉరికంబం ఎక్కాలి. జైల్లో ఆ చివరి రాత్రి తన బతుకంతా తలుచుకుంటాడు. సినిమాలో హీరో పేరు రామయ్య. జైలు గది నుంచి వెనక్కి చూడటం కాకుండా, అతను పల్లెలో పెరగడం, పట్నం పోవడం, తిరిగొచ్చి పోరాటంలో కలవడం వరుసగా మన కళ్ల ముందే జరుగుతాయి. నవల మనల్ని ఒక మనిషి మనసులో కూర్చోబెడుతుంది. సినిమా ఊరి మధ్యలో నిలబెడుతుంది. రెండూ తెలిసిన పిల్లలకు చరిత్ర పాఠంలోని ఒక పేరా బతికున్న మనుషుల కథ అవుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. దాశరథి రంగాచార్య 1928లో చిన్నగూడూరులో పుట్టారు. ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉన్న ఆ ఊరు 2016 వరకు మన వరంగల్ జిల్లాలోదే. నిజాం కాలంలో దొర, కరణం కలిసి పల్లెను ఎలా ఆడించారో ఆయన 'చిల్లర దేవుళ్లు' నవలలో రాశారు. 1970ల్లో అదే పేరుతో సినిమా కూడా వచ్చింది. సినిమా చూస్తే కథ తెలుస్తుంది. కానీ ఆ నవల బలం కథలో ఎంత ఉందో భాషలో అంత ఉంది. గడి, వెట్టి, పటేలు, పట్వారీ లాంటి మాటలు, ఉర్దూ కలిసిన ఇక్కడి యాస. మన తాతలు మాట్లాడిన భాష అచ్చులో అంత నిండుగా దొరికే చోట్లు చాలా లేవు.

మన పిల్లల్లో ఎంతమంది ఆ పేజీలు చదవగలరు? నిజాయితీగా చెప్పుకుందాం. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, తెలుగు సినిమా డైలాగులు అప్పజెప్తారు. తెలుగు పేజీ ఇస్తే మాత్రం వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటారు. తెలుగు నవల వాళ్లకు సినిమాగా మాత్రమే అందుతోంది. సినిమాగా రాని నవల వాళ్లకు లేనట్టే.

"ఇంగ్లీష్ మీడియం కదా మేడమ్, తప్పదు" అంటారు మీరు. ఒక్కసారి వెనక్కి చూడండి. నిజాం రాజ్యంలో బడి చదువు ప్రధానంగా ఉర్దూలో సాగేది. ఆ రోజుల్లోనే, 1904లో, మన హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం పెట్టారు. బడిలో దొరకని తెలుగును గ్రంథాలయంలో చదువుకున్నారు. ఆ కాలంలో పెరిగినవాళ్లే మనకు తెలుగు నవలలు రాసి ఇచ్చారు. ఇంగ్లీష్ మీడియంలో చదివే మన పిల్లలు వాటిని కనీసం చదవగలగాలని కోరుకోవడం అత్యాశ కాదు. ఇంట్లో చదివే తెలుగు వల్ల బడిలో ఇంగ్లీష్ తగ్గదు. ఒక భాషలో వాక్యం వెనకున్న మనసును పట్టుకోవడం అలవాటైతే, రెండో భాషలోనూ ఆ అలవాటు పనికొస్తుంది.

ఈ సెలవుల్లో మిమ్మల్ని కోరేది చిన్న పని. తొమ్మిది, పది తరగతుల పిల్లలున్నవాళ్లు 'చిల్లర దేవుళ్లు' తెచ్చుకోండి. గడుల్లో ఆడవాళ్లపై జరిగిన అఘాయిత్యాలు కూడా అందులో ఉన్నాయి కాబట్టి ముందు మీరు చదవండి. చిన్న పిల్లలున్నవాళ్లు మీ ఇంట్లో ఉన్న తేలికైన కథల పుస్తకం ఏదైనా తీసుకోండి. రోజూ రాత్రి అన్నాల తర్వాత ఇరవై నిమిషాలు ఎవరో ఒకరు పైకి చదవండి. నానమ్మ, తాతయ్య ఉంటే వాళ్లతోనే చదివించండి. అర్థం కాని మాటకు వాళ్ల దగ్గర అర్థంతో పాటు ఒక కథ కూడా దొరుకుతుంది.

పుస్తకం అయ్యాక, సినిమా ఉంటే అందరూ కలిసి చూడండి. తర్వాత మూడు ప్రశ్నలు అడగండి. ఏం తీసేశారు? ఏం కొత్తగా చేర్చారు? నువ్వే దర్శకుడివైతే ఏం మార్చేవాడివి? జవాబు తప్పో ఒప్పో మీరు తేల్చకండి. మీ అభిప్రాయం వేరైతే వాదించండి. వాళ్లను కూడా వాదించనివ్వండి.

బడి తెరిచాక ఆ వాదనను ఒక పేజీలో రాసి తెమ్మనండి. తెలుగులో రాసినా సరే, ఇంగ్లీష్‌లో రాసినా సరే, నేను చదువుతాను. పండుగ శుభాకాంక్షలు.