మందుల షాపు కుర్రవానికి పాఠం చెప్పేదెవరు?

“కాళ్ళు పొంగిపోనాయి బాబూ, ఏదైనా బిళ్ళ ఇయ్యి” అంటుంది ముసలామె. బల్ల వెనుక కుర్రవాడు నీరు లాగే బిళ్ళలు నాలుగు కత్తిరించి కాగితంలో చుట్టి ఇస్తాడు. రక్తపోటుకు ఎమ్లోడిపిన్ వాడుతున్నావా అని అడగడు. ఆ మందు రక్తనాళాలను వదులుచేసి పోటు తగ్గిస్తుంది. ఆ వదులు వల్లనే కొందరికి పాదాలు వాస్తాయి. ఒక మందు తెచ్చిన వాపుకు మరో మందు పడుతున్నదన్నమాట. ఈ సంగతి తెలిసినవాడైతే, మందు రాసిన డాక్టరుకే కాళ్ళు చూపించమని పంపి ఉండును.

శృంగవరపుకోట చుట్టుపట్ల పల్లెల వారికీ, అనంతగిరి కొండలు దిగి వచ్చే గిరిజనులకూ చాలాసార్లు మొదటి వైద్యుడు మందుల షాపే. డాక్టరు చీటీపై మందు ఇవ్వవలసినవాడు రిజిస్టరైన ఫార్మసిస్టేనని 1948 నాటి ఫార్మసీ చట్టం 42వ సెక్షను చెబుతున్నది. తరచు ఆయన సర్టిఫికెట్టు గోడ మీద ఉంటుంది, బల్ల దగ్గర కుర్రవాడుంటాడు. ఇది మన ఒక్క ఊరి జాడ్యమూ కాదు. ఏ మందు ఏ అరలో ఉన్నదో కుర్రవానికి కొట్టిన పిండి. అది ఒంట్లోకి పోయి ఏమి చేస్తుందో మాత్రం అతనికెవరూ చెప్పలేదు.

వేల మందులు నేర్పనక్కరలేదు. రోజూ కదిలే నలభై, యాభై చాలు. క్రోసిన్, కాల్పాల్, డోలో మూడూ పారాసిటమాలే. చాలా జలుబు బిళ్ళల్లోనూ అదే ఉంటుంది. పెద్దవారికైనా రోజుకు 4 గ్రాములు దాటితే కాలేయానికి ముప్పు. గ్లిమిపిరైడ్ క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది గనుక, అది వేసుకుని తిండి మానితే చెమటలు పట్టి పడిపోవచ్చు. నడుము నొప్పికి అడగ్గానే ఇచ్చే డైక్లోఫెనాక్ రక్తపోటును పెంచగలదు, మూత్రపిండాలను దెబ్బతీయగలదు. 12 ఏళ్ళలోపు పిల్లలకు నిమెసులైడ్ కూడదని 2011లోనే కేంద్రం నిషేధించింది.

ఇక మన కొండ ప్రాంతపు మలేరియా. వైవాక్స్ రకానికి క్లోరోక్విన్ రక్తంలోని క్రిములను చంపుతుంది. కాలేయంలో దాగినవాటికి ప్రైమాక్విన్ 14 రోజులు వాడాలి. జ్వరం తగ్గిందని మూడోనాడు మానేస్తే కొన్ని వారాలకో నెలలకో మళ్ళీ చలి పట్టుకుంటుంది. జి6పీడీ అనే పదార్థం పుట్టుకతో తక్కువైనవారికి ఇదే ప్రైమాక్విన్ రక్తకణాలను విరిచేస్తుంది, మూత్రం నల్లబడుతుంది. అప్పుడు బిళ్ళ ఆపి వెంటనే ఆసుపత్రికి పోవాలి. పరీక్ష లేకుండా, డాక్టరు చెప్పకుండా బల్ల మీద అమ్మదగిన మందు కాదిది.

నాలుగు ముక్కలు నేర్పితే కుర్రవాడే డాక్టరై కూర్చుంటాడని కొందరి భయం. అతను ఇప్పుడు చేస్తున్నది మరేమిటి? ఎక్కడ ఇవ్వకూడదో, ఎప్పుడు ఆసుపత్రికి పంపాలో అన్నదే ఆ పాఠంలో సగం కావాలి. నేర్చుకున్నవాడు ఎక్కువ జీతానికి విశాఖ పోతాడని యజమానులు అనవచ్చు. నేర్చుకోనివాడూ పోతున్నాడు.

నెలకు రెండు ఆదివారాలు ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రి ఫార్మసిస్టు చేత తెలుగులో పాఠాలు చెప్పించేందుకు ఔషధ నియంత్రణ శాఖవారు, షాపు యజమానులు పూనుకోవాలి. ఫార్మసిస్టును బల్ల దగ్గర కూర్చోబెట్టే బాధ్యత దీనితో తీరదు, అది వేరే. మొదటి ఆదివారం బిళ్ళల రేకు కత్తిరించడం నేర్పితే సరి: మందు పేరు, గడువు తేదీ ఉన్న ముక్క కొన్నవారి చేతికే పోవాలి.