జారింది కాలే, కానీ నేల ఎవరిది?

రాజోలిలో గుంటమగ్గం తొక్కే నేతకారుడికి కాలు విరిగితే మగ్గమే ఆగిపోతుంది. ఆ కాలు ఏ దుకాణంలోనో తడి ఆరని నున్నటి బండల మీద విరిగినా, ‘చూసుకుని నడవొద్దా’ అనేస్తాం. చట్టం అక్కడితో ఆగదు. ఢిల్లీ చాందినీచౌక్‌లో గడియార స్తంభం కూలిన కేసులో, దాని బాగోగులు చూడాల్సిన మున్సిపాలిటీదే బాధ్యతని 1966లో సుప్రీంకోర్టు తేల్చింది. స్తంభం కూలడం, కాలు జారడం ఒకటి కావు. కానీ జనం తిరిగే చోటును భద్రంగా ఉంచాల్సింది దాని యజమాని లేదా నిర్వాహకుడే అన్న సూత్రం రెండింటికీ వర్తిస్తుంది. బాధితుడి అజాగ్రత్తా ఉంటే పరిహారం ఆ మేరకు తగ్గుతుంది, పూర్తిగా పోనక్కర్లేదు.

చిక్కంతా ఆ పరిహారం పొందే దారిలోనే ఉంది. బండి గుద్దితే మోటారు వాహనాల ట్రైబ్యునల్ ఉంది. నేల మీద జారితే సాధారణంగా సివిల్ దావా, దానికి కోర్టు ఫీజు. డబ్బిచ్చి పొందిన సేవలో లోపమైతే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. అక్కడ సాక్ష్యమే ప్రాణం: తడి నేల ఫొటో, ఆసుపత్రి కాగితాలు, చూసినవారి మాట. పరిహారం కట్టాల్సి వస్తే చిన్న దుకాణదారు చితికిపోతాడన్న భయం న్యాయమైనదే. అందుకే దుకాణం లైసెన్సుకు చవకైన బీమాను ముడిపెట్టాలి. అసలు, ‘నేల తడిగా ఉంది’ అని రాసిన అట్టముక్కకు ఎంతవుతుంది?